ఏ ఊరి గంప, ఏ కొండ చింతపండు

రేపు ఆదివారం కదా, విశాఖపట్నం వెళ్ళి ఆ పెద్ద మాలులో తిరిగొస్తాం అంటన్నారు. వెళ్ళండి, నేను కాదన్ను. ఇప్పుడు మాత్రం ఇలాగ మంట చుట్టూ జరిగి కూకోండి, మా ఆదివారం ఎలాగుండీదో చెప్తాను. ఒలే గుంటా, ఆ చున్నీ నిప్పులకి దూరంగా పెట్టుకో.

మాకు ఆదివారం అంటే విజయనగరం బజారే. బజారు రోజూ ఉండీదే, అయినా ఆదివారం బడుండదు, కచేరీలుండవు, గుమస్తాలు, మేష్టర్లు కూడా చేతిసంచులు పట్టుకొని దిగీవోరు. నెల్లిమర్ల జూట్ మిల్లులో జీతాలు పడిన వారమైతే మరింక చెప్పక్కర్లేదు, చేపల వరసలో కాలు పెట్టడానికి చోటుండీది కాదు. మన ఊరి నుంచి రెండు కోసుల పైమాట. మా అమ్మమ్మ తెల్లారగట్ల చోడంబలి తాగించి నన్ను వెనకాల నడిపించుకుపోయీది. ఇంట్లో ఎడ్లబండి ఉండీది, అయినా బజారుకి బండి కట్టనిచ్చీది కాదు. “బండెక్కితే కునుకు పడతావు, కునుకు పడితే బజారుకి ఏటొస్తన్నాదో నీకెలాగ తెలుస్తాది?” అనీది.

దారిలోనే సగం బజారు కనబడిపోయీది. చంపావతి ఒడ్డు ఊళ్ళ నుంచి వంకాయల కావిళ్ళు ఊగుతా మమ్మల్ని దాటిపోయీవి. ఆడోళ్ళ నెత్తిన గంప, గంప మీద తడిగుడ్డ, తడిగుడ్డ కింద తోటకూర. గోగునార బళ్ళు మిల్లు కేసి ఎదురొచ్చీవి. ఈ శీతాకాలం రోజుల్లో అయితే చిక్కుళ్ళు, పచ్చి కందికాయలు, చిలగడదుంపలు, తేగల కట్టలు. కావిడి మోసేవోడు ఆగడు, మనమే పక్కకి తప్పుకోవాలి. అలాగ తప్పుకుంటూనే మా అమ్మమ్మ ఎవుడి కావిట్లో ఏటుందో చూసి, ఆ వేళ ఏది చవకో ఏది ప్రియమో ఊళ్ళోకి రాకముందే లెక్క కట్టీసీది.

ఊళ్ళోకి రాగానే మూడు లాంతర్ల దగ్గర చదురుగుడిలో పైడితల్లమ్మకి దణ్ణం. అక్కణ్ణించి గంట స్తంభం. అది 1885లో కట్టినారు, ఎనిమిది పలకల స్తంభం. మా కాలంలో చేతి గడియారం ఎవుడికుండీది? తప్పిపోయినవోడు గంట స్తంభం కిందకి రావాలి, బాకీ తీర్చీవోడూ అక్కడికే రావాలి, సంబంధం మాటాడీవోళ్ళూ అక్కడే కలిసీవోరు. అటు చూస్తే కోట. 1713లో పూసపాటి విజయరామరాజుగారు పునాది వేయించిన కోట. కోట దగ్గరే బొంకులదిబ్బ. గురజాడవారి కన్యాశుల్కం తెర లేచీది ఆ బొంకులదిబ్బ మీదే, బళ్ళో చదివుంటారు. ఆ నాటకం మొదటిసారి ఆడింది 1892లో, ఈ ఊళ్ళోనే. ఈ సంగతులన్నీ మా అమ్మమ్మకి తెలవ్వు, ఆవిడకి అక్షరం ముక్క రాదు. ఆవిడకి తెలిసింది మనుషులు, సరుకులు.

బజారులో ఆవిడకి రెండు పట్టింపులుండీవి. ఒకటి, బజారంతా ఒక చుట్టు తిరిగేదాకా సంచి మడత విప్పకూడదు. రెండోది, ఏ గంప ముందు ఆగినా ధర అడగకముందు ఊరి పేరు అడగాలి. “ఏ ఊరే అప్పా?” అనీది. ఆ అమ్మేవాళ్ళు ముందు ఊరు చెప్పీవోరు, తర్వాత వానలెలాగున్నాయో, చెరువు నిండినాదో లేదో, ఎవరి పిల్ల పెళ్ళో అన్నీ చెప్పీవోరు. ఆఖర్న ధర. నాకు కాళ్ళు పీకీవి, విసుగొచ్చీది. అయినా మన జిల్లా నాకు అలాగే వచ్చినాది. బడిలో గోడ పటం మీద మేష్టారు బెత్తంతో చూపించిన ఊళ్ళు ఒక్కటీ నిలబడలేదు. గంపలతో వచ్చిన ఊళ్ళు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

చేపల వరస చూడండి. ముక్కాం, చింతపల్లి, కోనాడ, ఆ భోగాపురం పూసపాటిరేగ తీరం నుంచి చేపలమ్మీ ఆడోళ్ళు వచ్చీవోరు. వంజరం, కోనెం డబ్బున్నోళ్ళకి. మాకు కానగడతలు, కవళ్ళు. ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు అయితే వానాకాలానికి కుండల్లో దాచుకొనీవోళ్ళం. వాళ్ళతో బేరం ఆడాలంటే గుండె ధైర్యం కావాలి. గొంతు పెద్దది, చెయ్యి చురుకు, లెక్క వేళ్ళ మీదే. రాత్రి సముద్రం మీదకి మొగుళ్ళు, తెల్లారి రోడ్డు మీదకి పెళ్ళాలు, అదీ ఆ ఇళ్ళ బతుకు. అమ్ముడవకపోతే చేప రేపటికుండదు. సాయంత్రం దాకా ఆగి చవగ్గా కొట్టీద్దాం అని చూసీవోళ్ళని మా అమ్మమ్మ మొహం మీదే తిట్టీది.

కొండ సరుకు సంగతి చెప్పాలి. అది కొంచెం నిదానంగా చెప్తాను.

పార్వతీపురం వైపు నుంచి రైలొచ్చీది. ఆ లైను 1931 నాటికి రాయపూర్ దాకా కలిసిపోనాది, దండకారణ్యం సరుకంతా మన స్టేషన్ల మీంచే పోయీది. కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట కొండల నుంచి చింతపండు, కొండచీపుళ్ళు, అడ్డాకులు, పసుపు, శీకాయ, కరక్కాయ, నల్లజీడి పిక్కలు, కాలం వస్తే అనాసపళ్ళు, పనసపళ్ళు, సీతాఫలాలు. సరుకు కొండదే, గానీ విజయనగరం బజారులో దాని పక్కన కూకున్నవోడు కొండోడు కాడు, షావుకారు. మా అమ్మమ్మ అక్కడా అడిగీది, “ఏ కొండ చింతపండు బాబూ?” అని. షావుకారు చెప్పగలిగీవోడు కాడు. అలాంటి చోట ఆవిడ మొహం మాడ్చుకొని, కొనకుండా కదిలిపోయీది. నాకు అప్పుడు అర్థమవలేదు.

తర్వాత మా మావ నన్ను సీతంపేట సంతకి తీసుకెళ్ళినాడు, అప్పుడు తెలిసినాది. సవరలు, జాతాపులు కొండ దిగి పొద్దు పొడవకముందే వచ్చీవోరు. ఆళ్ళు సంతలోకి అడుగు పెట్టకముందే, ఊరి మొగలోనే కావిడి పట్టుకొని దింపించీసీవోరు వర్తకులు. పాత అప్పు కింద కొంత, తూకంలో కొంత, ఆఖర్న చేతిలో కాసింత ఉప్పు, కాసింత ఎండుచేప, గుడ్డముక్క. తల మీద మోసుకొచ్చినోడికి ధర చెప్పే హక్కు లేదు. సర్కారు 1956లోనే గిరిజనుల కోసం సహకార సంస్థ పెట్టింది, ఇప్పుడు మీరు జీసీసీ తేనె అని కొంటారే, ఆ సంస్థే. అయినా ఆ సంస్థ తక్కెడ అన్ని కొండల దాకా చేరలేదు.

వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అని ఇద్దరు బడిపంతుళ్ళు ఆ కొండల్లో గిరిజనుల చేత సంఘం కట్టించినారు. కూలి గురించి, భూమి గురించి, ఇదిగో ఈ సంతల్లో ధర గురించి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర సభకి వెళ్తన్న జనం మీద భూస్వాముల మనుషులు కాల్చినారు. కోరన్న, మంగన్న అని ఇద్దరు గిరిజనులు అక్కడే చనిపోయినారు. తర్వాత ఆళ్ళు ఆయుధాలు పట్టినారు, శ్రీకాకుళం పేరు దేశమంతా మారుమోగిపోనాది. 1970 జూలైలో ఆ మేష్టర్లిద్దరూ పోలీసు తూటాలకి పోయినారు. అప్పటికి నేను ఇరవై దాటినోణ్ణి. ఆ పేపరు చదివిన రోజున నాకు గంట స్తంభం దగ్గర చింతపండు కుప్ప ముందు మా అమ్మమ్మ మొహం కనబడినాది. ఏ కొండదో చెప్పలేని చింతపండు ఆవిడెందుకు కొనలేదో తెలిసినాది. కత్తి పట్టడం మంచిదా చెడ్డదా అని మీరు తర్వాత వాదించుకోండి. తూకంలో మోసం మాత్రం జరిగినాది, అది నేను కళ్ళారా చూసినాను.

సరే, ఆ తేగ తిప్పు పెద్దోడా, మాడిపోతాది.

డబ్బు మారిన ఏడు కూడా చెప్పాలి. 1957 ఏప్రిల్ 1 నుంచి అణాలు పోయి నయాపైసలొచ్చినాయి. రూపాయికి పదహారణాలు అని పుట్టినప్పటి నుంచి నోటికొచ్చిన లెక్క, ఒక్కసారి రూపాయికి వంద అయిపోనాది. అణాకి 6 పైసలు, రెండణాలకి 12, మూడణాలకి 19, బేడలూ పావలాలూ అన్నీ ఇలాగ పట్టీలో రాసి అంటించినారు. పావలాకి 25. మా అమ్మమ్మ ఆ పట్టీ నా చేత చదివించుకొని ఒక పూటంతా ఆలోచించినాది. తర్వాత చెప్పినాది, “ఒరే, అణా సరుకు నాలుగుసార్లు విడివిడిగా కొంటే 24 పైసలే. ఒకేసారి కొంటే 25.” అక్షరం రాని మనిషి! ఆ లెక్క బజారులో ఎలాగ వాడిందో వినండి. కొట్టు షావుకారు దగ్గర నాలుగుసార్లూ విడివిడిగా కొనీది. గంప ఎదట కూకున్న ముసలమ్మ దగ్గర మాత్రం నాలుగూ కలిపి కొని పావలా చేతిలో పెట్టీది.

తూకాలు కొన్నేళ్ళు ఆలస్యంగా మారినాయి. 1962 ఏప్రిల్ నుంచి వీశెలు, మణుగులు చెల్లవన్నారు, కిలోలే. వీశె అంటే కిలో నాలుగొందల గ్రాములు. అంచేత కొత్తగా కిలో ధర చెప్తే అందరికీ చవగ్గా వినిపించీది, ఇంటికొచ్చి చూస్తే కూర తక్కువ. ఆడోళ్ళు నాలుగు వారాల్లో అది పట్టీసినారు. గింజల దగ్గర మాత్రం పాత కొలతే చాలా కాలం నడిచినాది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచం. మీ నాయనమ్మ ఇప్పటికీ “అడ్డెడు బియ్యం పొయ్యి” అంటాదా లేదా?

బేరం గురించి మా అమ్మమ్మది ఒకటే పద్ధతి. అరుగు మీద కూకున్న కొట్టుతో గంటసేపైనా బేరమాడు, నేల మీద కూకున్న గంపతో ఆడకు. గంపలోది ఆ వేళ కోసుకొచ్చిన కూర, సాయంత్రానికి వాడిపోతాది, ఆ డబ్బుతోనే ఆమె ఉప్పూ కిరసనాయిలూ కొనుక్కెళ్ళాలి. కొసరు మాత్రం అడగొచ్చు. కరివేపాకు రెబ్బో, నాలుగు మిరపకాయలో. కొసరు ఇస్తే అమ్మినామెకీ ఆనందమే, మళ్ళీ వారం మనం ఆమె దగ్గరికే వస్తాం. ఈ పద్ధతి నాకు ఇప్పటికీ సరైందే అనిపిస్తాది, మీకూ అదే చెప్తన్నాను.

కొనకుండా చూసినవే ఎక్కువ. పొందూరు సన్నఖద్దరు పంచెలు భుజాన వేసుకొని వచ్చీవోరు. పత్తి దువ్వడానికి ఆ ఊళ్ళో వాలుగ చేప దవడ ఎముక వాడతారు, ఆ దారం అంత సన్నం, గాంధీగారే మెచ్చుకున్నారు. బుడితి ఇత్తడి చెంబులు, కంచు గిన్నెలు తిరగేసి మీటితే మోగీవి. వేసంగిలో భీమాళి మామిడితాండ్ర, పొరలు పొరలుగా చాపలా చుట్టి. ఒకసారి గుడ్డ చుట్టిన వీణ ఒకటి బండి మీద వెళ్తన్నాది, బొబ్బిలి దగ్గర గొల్లపల్లి నుంచి. ఒక్క పనసదుంగ తొలిచి చేస్తారు. సంగీత కళాశాలకేనట. ఆ కళాశాల 1919లో పెట్టినారు, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి పెద్ద, ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే ఫిడేలు చెప్పినారు. మన ఘంటసాల చదివిందీ అక్కడే, వారాలు చేసుకొని, ఈ వీధుల్లోనే మధూకరం ఎత్తుకొని. బజారుకి కూరలు కొనడానికి వచ్చిన ఇల్లాళ్ళే ఆ కుర్రోడి జోలెలో అన్నం వేసినారు కదా అని తలుచుకుంటే నాకు ఈ ఊరి మీద అభిమానం పొంగుకొస్తాది.

శ్రీకాకుళంలో మా పెద్దమ్మ ఉండీది. అక్కడ ఆదివారం అంటే ముందు అరసవల్లి, సూర్యనారాయణమూర్తి రోజది. దర్శనం అయినాక నాగావళి వంతెన మీద గాలి పీల్చుకొని పెద్ద మార్కెట్టు. ఉద్దానం కొబ్బరికాయలు, జీడిపప్పు, మునక్కాయలు అక్కడ చూడాలి. అంతకు మించి ఆ ఊరి బజారు గురించి నేను చెప్పడం మర్యాద కాదు, అది మా పెద్దమ్మ కొడుకులు చెప్పాలి.

మన బజారు ఏడాదికోసారి మరో రూపం ఎత్తీది. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. ముందు రోజు తొలేళ్ళు. కొండ నుంచి, తీరం నుంచి, ఒడిశా నుంచి జనం బళ్ళు కట్టుకొచ్చి రోడ్ల మీదే వండుకు తినీవోరు. తొలేళ్ళ రాత్రి కోట దగ్గర ఇచ్చే విత్తనాలు పట్టుకెళ్ళి మా నాన్న మా విత్తనాల్లో కలిపీవోడు. సిరిమాను అంటే పెద్ద చింతమాను. దాని కొసన పూజారిని కూకోబెట్టి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ఆ రెండు రోజులూ చీపురుకట్ట నుంచి గాజుల దాకా అమ్ముడవని వస్తువు లేదు. కొండ నుంచి వచ్చినోళ్ళు తమ సరుకు తామే అమ్ముకోడం నేను విజయనగరంలో చూసింది ఆ రెండు రోజుల్లోనే.

జిల్లా గీతలు ఎన్నిసార్లు గీసినారో చూడండి. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం. గంప నడిచీ దారి మాత్రం అదే. 1999 జనవరిలో రైతుబజార్లు వచ్చినాయి, అది మంచి పని, రైతు ధర బోర్డు మీద రాసుంటాది, మధ్యలోవోడు ఉండడు. గానీ గుర్తింపు కార్డు ఉన్న రైతుకే అక్కడ చోటు. కోనాడ చేపలామెకీ, పెరట్లో తోటకూర కోసుకొచ్చిన ముసలమ్మకీ రోడ్డు వారే గతి. రోడ్డు వెడల్పు చెయ్యాలన్న ప్రతిసారీ ముందు లేచీది ఆ గంపలే.

ఒలే గుంటా, నువ్వు లా చదువుతున్నావు కదా, ఇది నీ పని. 2014లో పార్లమెంటు వీధి వర్తకుల చట్టం చేసినాది. నేను పేపర్లో చదివి కత్తిరించి దాచినాను. సర్వే చేసి పత్రం ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదంటాది. పట్నం కమిటీలో నూటికి నలభై మందికి తక్కువ కాకుండా వీధి వర్తకులే ఉండాలంటాది, ఆళ్ళలో మూడో వంతు ఆడోళ్ళు. ఇంకొక మాటుంది, నాకు అదే ముఖ్యం. యాభై ఏళ్ళ పైబడి ఒకేచోట సాగుతున్న సహజ బజారుని వారసత్వ బజారుగా ప్రకటించాలి, అక్కడోళ్ళని కదపకూడదు. గంట స్తంభం కింద మా అమ్మమ్మ కూకొని బేరమాడిన నేల యాభై ఏళ్ళు దాటలేదేటి? ఆ అర్జీ నువ్వు రాయి. సాక్ష్యం కావలిస్తే నేనున్నాను, ఏ వరసలో ఏ ఊరోళ్ళు కూకునీవోరో సంతకం పెట్టి మరీ చెప్తాను.

మాలుకి సాయంత్రం పోవచ్చు. పొద్దున్న బస్సు విజయనగరంలో ఆగుతాది కదా, అక్కడ దిగండి. ఒక చుట్టు తిరగండి. ధర అడగకముందు ఊరడగండి. మీ నాయనమ్మకి ఏడాది చింతపండు అయిపోవచ్చినాది, రెండు కిలోలు పట్టుకురండి. పిక్క తీసి ముద్ద చేసింది వద్దు, పెంకూ పీచూ ఉన్నదే తీసుకోండి, అందులో ఇసకా నీళ్ళూ కలపలేరు. కొత్తకాయ ఇంకా దిగలేదు, అంచేత నల్లగా ఉందని వదిలీకండి, పాతది పచ్చడికి బాగుంటాది. ఏ కొండదో అమ్మినామెకి తెలిస్తే రెండు కాదు, మూడు కిలోలు తెండి.